వదిన కొట్టేయని శ్రీ

మా వదిన పోయింది. ఎమ్మిగనూరు నుంచి వచ్చే మొదటి బస్సు దిగి, వాళ్ల అన్న మా గడప దగ్గర నిలబడి ఆ మాట చెప్పాడు. "తెల్లారగట్ల పోయిందమ్మా. దగ్గు నిలిసిపోయింటే నయమైందిలే అనుకున్నాము" అన్నాడు. మగ్గం గుంటలోంచి లేచి అట్లాగే వచ్చినట్టున్నాడు, చొక్కాకు నూలు పోగులు అంటుకుని ఉన్నాయి. మా అమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. అనవలసినవన్నీ ఆమె ఏనాడో అనేసింది.

ఇది చదివేవాళ్లలో మా వదినను చూసినవాళ్లు పట్టుమని పదిమంది ఉండరు. ఎమ్మిగనూరు బజారులో ఒక గుడ్డల అంగడి లోపలి గదిలో, కిటికీ పక్కన కూర్చుని లెక్కలు రాసిన మనిషి ఆమె. గుడ్డ కొనడానికి పోయినవాళ్లకు కనిపించేది కూడా కాదు. ఇంకెవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. నాకు బుక్ కీపింగ్ నిజంగా నేర్పింది ఆమె. దాని పరీక్షలో ఆమెకు జరిగినది మాత్రం ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

మా అన్న ఆదోనిలో ఒక పత్తి కమీషన్ మండీలో గుమాస్తాగా ఉండేవాడు. వదిన ఎమ్మిగనూరులో మగ్గాల ఇంటి ఆడపిల్ల. మిషన్ బడిలో మూడో ఫారం, అంటే ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది. మండీలో పత్తి బేరం నోటితో జరిగేది కాదు. కొనేవాడూ అమ్మేవాడూ ఒక తువ్వాలు కింద చేతులు పెట్టుకుని, వేళ్లు పట్టి ధర చెప్పుకునేవాళ్లు. పక్కవాడికి తెలియకూడదు. సాయంత్రం ఇంటికి వచ్చిన అన్న తన తువ్వాలు వదిన చేతి మీద కప్పి, వేళ్లు పట్టి ఆనాటి ధర చెప్పేవాడు. ఆమె సరిగ్గా పట్టుకుంటే మురిసిపోయేవాడు. "సందెపూట ఏమి ఆటలప్పా ఇవి" అని అమ్మ వంటింట్లోంచి గొణిగేది. వాళ్లిద్దరూ వినిపించుకునేవాళ్లు కాదు.

ఉగాదికి మండీలో కొత్త లెక్కల పుస్తకం తెరుస్తారు. మూలలకు పసుపు పూసి, మొదటి పేజీ పైన శ్రీ రాస్తారు. ఆ తరువాతే ఏ పద్దైనా. వదిన కాపురానికి వచ్చిన ఏడాది అన్న సరదాకు ఆ పుస్తకం ఇంటికి తెచ్చి ఆమె చేత శ్రీ రాయించాడు. ఆ ఏడు వ్యాపారం బాగా కలిసివచ్చిందట. అప్పటి నుంచి మండీ షావుకారు తానే పుస్తకం పంపేవాడు, "మీ ఇంటామె సేత్తో రాపిచ్చుకోని రా" అని. వదిన తలస్నానం చేసి, కొత్త కలం సిరాలో ముంచి రాసేది. కింద ర వత్తును పెద్దగా, శ చుట్టూ తిప్పి ఒడిలో పెట్టుకున్నట్టు రాసేది. రాసిన తరువాత సిరా ఆరేదాకా ఎవరినీ పుస్తకం ముట్టనిచ్చేది కాదు.

వాళ్లకు పాప పుట్టిన ఏడాదికే అన్న సన్నిపాత జ్వరంతో పోయాడు. పత్తి దిగే కాలం, మండీకి పోకపోతే కుదరదని జ్వరంతోనే తిరిగాడు. చేయవలసినవన్నీ చేశారు వదినకు. బొట్టు తుడిచారు, గాజులు పగలగొట్టారు. ఆమె చేతులు చాపి కూర్చుంది. ఏడుపు కూడా వాళ్లు ఏడవమన్నప్పుడే ఏడ్చింది.

ఆ ఉగాదికి ముందురోజు మండీ మనిషి ఒకడు అన్న దగ్గరున్న తాళంచెవుల కోసం ఇంటికి వచ్చాడు. వాడి చంకలో కొత్త పుస్తకం ఉంది. శ్రీ రాయించడానికి వేరే ఇంటికి తీసుకుపోతున్నాడు. వదిన అలవాటు కొద్దీ చెయ్యి చాచింది. వాడు తడబడి ఇవ్వబోయాడు కూడా. మధ్యలో అమ్మ వచ్చి పుస్తకాన్ని వెనక్కి నెట్టింది. "బొట్టు లేని సెయ్యి తగలగూడదమ్మే. ఒకరి ఏపారం అది" అంది. వదిన చెయ్యి వెనక్కి తీసుకుని కొంగులో పెట్టుకుంది. నాకు అప్పుడు పెళ్లి కాలేదు. ఆ ఇంట్లో నా మాటకు విలువ లేదు.

అన్న పోకముందే నన్ను ఆదోనిలోని కామర్స్ ఇన్‌స్టిట్యూట్‌లో చేర్చి ఫీజు కట్టి ఉన్నాడు. బుక్ కీపింగ్ లోయర్ పరీక్ష, అందులోనే అమ్మకం పన్ను లెక్కలు. నేను పుస్తకాలు సర్దుకుని బయలుదేరుతుంటే వదిన అంది: "నేనూ వస్తా మ్మే. నేనూ ఆ పరీచ్చ రాస్తా."

ఆమె ముందు రెండే దారులు. పాపను చంకనేసుకుని పుట్టింటికి పోయి, అన్నావదినల పంచన మగ్గానికి నూలు కండెలు చుట్టుకుంటూ బతకడం ఒకటి. రెండోది ఎమ్మిగనూరులో వాళ్ల నాయనకు తెలిసిన గుడ్డల అంగడి షావుకారు. పన్ను ఆఫీసువాళ్లు లెక్కలు సరిగ్గా లేవని ఆయన్ను సతాయిస్తున్నారు. "సర్టిఫికెట్ తెచ్చుకో తల్లీ, నీకే ఇస్తా పని" అని ఆయన కబురు చేశాడు. పరీక్ష పాసైతే తన జీతంతో తన తిండి తాను తింటుంది. లేకపోతే లేదు. అమ్మ ఇల్లెగిరిపోయేట్టు అరిచింది. వదిన కాళ్ల కడియాలు తీసి అమ్మి ఫీజు కట్టుకుంది. "ఎట్లాగూ ఏసుకోనీరు కదత్తా" అని మాత్రం అంది.

ఇన్‌స్టిట్యూట్ అంటే ఒక మిద్దె మీది గది. కింద నూనె అంగడి, పైన టైపు మిషన్ల చప్పుడు. పొద్దున బ్యాచిలో ఆడవాళ్లం మేమిద్దరమే. మాస్టరు మంచివాడు, కాని వేగం ఎక్కువ. ఇచ్చినవాడు క్రెడిట్, పుచ్చుకున్నవాడు డెబిట్ అని ఒకసారి చెప్పి బోర్డు తుడిచేసేవాడు. మండీ లెక్కల్లో ఒక మనిషి పేరుతో జమ ఎడమ పక్క రాస్తారు. ఇంగ్లీషు పద్ధతిలో అదే కుడి పక్కకు పోతుంది. నాకు తల తిరిగేది. వదిన ఇంటికి వచ్చి, పొయ్యి దగ్గర బొగ్గుతో నేల మీద గీత గీసి, "ఈ పక్క నువ్వు కూసో, ఆ పక్క నేను కూసుంటా. నేను నీకు సేరు బియ్యం ఇచ్చినా. ఇప్పుడు సెప్పు, ఎవురి కాతాలో యాడ రాస్తావు?" అని అడిగేది. చెప్పేదాకా అన్నం పెట్టేది కాదు.

పన్ను లెక్క ఆమెకు అన్న నేర్పినదే. అప్పట్లో రూపాయి అమ్మకానికి మూడు పైలు పన్ను. మూడు పైలంటే కాణీ, అణాలో నాలుగో వంతు. "రూపాయికి కాణీ. నాలుగు రూపాయలకు అణా. పదారు రూపాయలకు పావలా. అరవైనాలుగుకు రూపాయి. ఇంతే మ్మే, దీనికి భయమెందుకు" అనేది. కొంగు కింద చెయ్యి పెట్టుకుని వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టేది. తువ్వాలు లేదు, పట్టుకునే చెయ్యి లేదు. అలవాటు మాత్రం పోలేదు. మిల్లు గుడ్డకు పన్ను ఉంటుంది, మగ్గం గుడ్డకు ఉండదు, వాపసు వచ్చిన సరుకుకు ఉండదు. పరీక్షలో ఇవన్నీ కలిపి ఒకే ముద్ద చేసి ఇస్తారు. "ముందు మనది కానిదాన్ని తీసి పక్కన పెట్టు. మిగిలినదానికే పన్ను" అనేది వదిన. ఇప్పటికీ ఏ చిక్కు వచ్చినా నాకు ఆ మాటే గుర్తుకొస్తుంది.

ఒకరోజు క్లాసులో ఆమె లేచి నిలబడి అడిగింది: "సార్, మనిషి సచ్చిపోతే వాని కాతా ఏం జేస్తారు?" అందరూ తిరిగి చూశారు. మాస్టరు కళ్లజోడు సర్దుకుని, "ఖాతా మూసేస్తారమ్మా. మిగిలింది ఏదైనా ఉంటే ఇంకొక ఖాతాకు మారుస్తారు" అన్నాడు. ఆమె అది రాసుకుంది. దారిలో నాతో అంది: "మీ అన్న కాతా మూసినారు. మిగిలింది నేనూ పాపా. మమ్మల్ని మా అన్న కాతాకు మారుస్తామంటాండారు." నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు.

పరీక్షకు ముందు మాస్టరు పదే పదే ఒక హెచ్చరిక చేశాడు. జవాబు పుస్తకం మీద నంబరు తప్ప పేరు రాయకూడదు, గుర్తు పెట్టకూడదు, దేవుడి పేరు రాయకూడదు. శ్రీ అసలు రాయకూడదు. దిద్దేవాడికి ఇది ఫలానావాడి పేపరు అని తెలిసే గుర్తు ఏది ఉన్నా ఆ పేపరు చెల్లదు. "మీరంతా అంగళ్లలో పెరిగినోళ్లు. తెల్లకాగితం కనపడితే సెయ్యి పోయి శ్రీ రాస్తుంది. యేటా ఇద్దరు ముగ్గురు ఇట్లనే పోతాండారు" అన్నాడు. వదిన అది కూడా రాసుకుంది.

పరీక్ష ఆదోనిలోనే, హైస్కూలు హాలులో. ఆమె వెనక బెంచీ నాది. జవాబు పుస్తకాలు పంచారు. కొత్తవి, తెల్లగా ఉన్నాయి, కాగితం వాసన వస్తోంది. నేను ప్రశ్నలు చదువుకుంటున్నాను. సూపర్‌వైజరు సంతకాలు పెడుతూ వచ్చి వదిన దగ్గర ఆగాడు. పెద్దాయన, తలంతా నెరిసి ఉంది.

"ఇదేందమ్మా, శ్రీ రాసినావు?"

వదిన తలవంచి తన కాగితం వైపే చూసింది. అప్పుడే చూసిందని ఆమె వీపును చూస్తేనే నాకు తెలిసింది. "తెలీకుండానే వచ్చింది సార్" అంది.

"సరేలే, దాని మీద ఒక గీత కొట్టు. పక్కన నేను సంతకం పెడతా. ఎవురూ ఏమనరు."

వేరే పుస్తకం ఇచ్చే వీలు లేదు, అన్నీ నంబర్లు వేసి లెక్కగా వచ్చినవి. వదిన కలం ఎత్తింది. చాలాసేపు ఎత్తి పట్టుకునే ఉంది. తరువాత దించేసింది.

"కొట్టను సార్" అంది.

"కొట్టకుంటే సెల్లదు తల్లీ. నేను పైకి రాయాల్సొస్తుంది. ఊరికే పోగొట్టుకుంటావు."

"రాయండి సార్."

ఆయన ఏమనుకున్నాడో, మెల్లగా వంగి, "నీకెవురూ లేరా సెప్పేవాళ్లు?" అని నా వైపు చూశాడు. నేను నోరు తెరిచేలోపే వదిన మొదటి లెక్క మొదలుపెట్టింది. ఆయన ఒక కాగితం మీద ఏదో రాసుకుని ముందుకు పోయాడు. చెల్లదని తెలిసిన పేపరును ఆమె గంట కొట్టేదాకా రాసింది. జర్నల్, లెడ్జర్, పన్ను లెక్క, అన్నీ. చివర మొత్తాల కింద రెండు గీతలు కూడా తిన్నగా గీసింది.

బయటికి వచ్చాక నాకు ఆగలేదు. "ఒక్క గీత వదినా. ఒక్క గీత కొడితే ఏం పోయేది? పాపను తలుసుకోని అయినా కొట్టకూడదా?" అని దారి పొడుగునా పోట్లాడాను. ఆమె జిన్నింగు మిల్లు గోడ పక్కకు వచ్చాక ఆగింది.

"బొట్టు వాళ్లు తుడిసినారు. గాజులు వాళ్లు పగలగొట్టినారు. నేను అడ్డం పడినానా? పుస్తకం ముట్టొద్దంటే ముట్టలేదు. ఈ శ్రీని మాత్రం నన్నే నా సేత్తో కొట్టమంటాడు ఆయప్ప." కొంగుతో ముఖం తుడుచుకుంది. "పాప గుర్తుకు రాలేదనుకున్నావా? వచ్చింది. అయినా సేయి కదల్లేదు మ్మే."

ఫలితాల పట్టీలో నా నంబరు వచ్చింది, ఆమెది రాలేదు. అమ్మ అనవలసినవి అంది. వదిన పాపను తీసుకుని ఎమ్మిగనూరుకు పోయింది. పోయేటప్పుడు అన్న తువ్వాలు ఒకటి అడిగి తీసుకుంది. తరువాతి పరీక్ష దాకా వాళ్ల అన్న ఇంట్లో మగ్గం పక్కన కూర్చుని కండెలు చుట్టింది. కండెలు చుట్టినన్నాళ్లూ అక్కడ ఆమెకు ఏ లోటూ చేయలేదని వాళ్ల అన్న అంటాడు. ఏమి మాటలు పడిందో ఆమె నాకు చెప్పలేదు. దగ్గు అక్కడే మొదలైంది. ఆ ఏడు నేను చూడ్డానికి పోతే, నూలు దుమ్ము అంది. ఆ మాట ఆమె నమ్మిందో లేదో నాకు తెలియదు.

రెండోసారి ఆమె పాసైంది. ఎట్లా రాశావు వదినా అని అడిగితే చూపించింది. ఎడమ అరచెయ్యి కాగితం పైభాగాన గట్టిగా అదిమి పెట్టి, మొదటి లెక్క పూర్తయ్యేదాకా తీయలేదట. "ఖాళీ కనపడితే కదా రాసేది" అంది. ఆ అలవాటు తరువాత పోలేదు. అంగట్లో కూడా ఎడమ చెయ్యి పేజీ నెత్తిన పెట్టుకునే రాసేది.

గుడ్డల అంగడి షావుకారు మాట నిలబెట్టుకుని పని ఇచ్చాడు. కాని ఆయన ఇంట్లో ముసలి తల్లి ఉంది. ఉగాదికి కొత్త పుస్తకం వస్తే మొదటి పేజీ ఆమె కోడలే రాయాలి. వదిన ఆ రోజు పని మానుకుని ఇంట్లో ఉండాలి. మర్నాడు వచ్చి రెండో పేజీ నుంచి మొదలుపెట్టాలి. ఏ పుస్తకం తీసినా అంతే. మొదటి పేజీ ఇంకొకరిది, చివరి దాకా మిగిలినదంతా వదినది. పన్ను ఆఫీసులో ఆమె లెక్క ఎన్నడూ వెనక్కి రాలేదు. దానికి షావుకారు ఆమెను మెచ్చుకునేవాడు, దసరాకు చీర పెట్టేవాడు. మొదటి పేజీ సంగతి మాత్రం ఎత్తేవాడు కాదు. అట్లాంటి మంచివాళ్లను ఏమనాలో నాకు తెలియదు.

నా సంగతి చెప్పాలంటే, పరీక్ష పాసైన నాకు ఆదోనిలోనే పెళ్లి చేశారు, అమ్మ కూడా మాతోనే ఉంది. సర్టిఫికెట్ పెట్టె అడుగున ఉంది. వదిన ఎప్పుడు వచ్చినా దాన్ని తీయించి, పురుగు పట్టిందేమో చూసి, మళ్లీ పెట్టించేది.

తరువాత నయా పైసలు వచ్చాయి. కాణీలు, పైలు పోయాయి. పన్ను చట్టం కూడా మారింది. రూపాయికి నూరు పైసలు అన్నారు. అరవైనాలుగు ఎందుకూ పనికిరాలేదు. చదువుకున్నవాళ్లు సులువైందని సంతోషపడ్డారు. నేను ఎమ్మిగనూరు పోయినప్పుడు వదిన మంచం మీద కూర్చుని, దగ్గుతూ, కొత్త పైసల పట్టీ చూసి బట్టీ పడుతోంది. "రానీలే వదినా, నీకిదెంత" అన్నాను. ఆమె పట్టీ పక్కన పెట్టింది. "మీ అన్న నేర్పిన లెక్క అదొక్కటే మ్మే నా దగ్గర ఉండింది. అదీ సెల్లదంట ఇప్పుడు" అంది. అంతకుముందు ఎన్ని జరిగినా ఆమె అంత దిగులుగా మాట్లాడగా నేను వినలేదు. కొత్త లెక్క నేర్చుకుంది. ఏ తప్పూ లేకుండా రాసింది. కొంగు కింద వేళ్లు లెక్కపెట్టడం మాత్రం ఆగిపోయింది.

దగ్గులో రక్తం పడిన తరువాత షావుకారు పని మానుకోమన్నాడు. ఆమె మానుకోలేదు. మానుకుంటే పాప బడి మానుతుంది, కండెలు చుట్టడానికి కూర్చుంటుంది. ఆమె భయమంతా అదే. చివరిసారి చూసినప్పుడు నా చెయ్యి పట్టుకుని ఇది ఒక్కటే అడిగింది: "దాన్ని కండెల కాడ కూసోబెట్టనీయొద్దు మ్మే." నేను మాట ఇచ్చాను. ఈ నాలుగు ముక్కలు రాసే ఈ రోజు పాప మా ఇంట్లోనే ఉంది.

ఎమ్మిగనూరులో వదినను సాగనంపిన తరువాత షావుకారు వచ్చాడు. మిగిలిన జీతం నా చేతిలో పెట్టి, కాసేపు తువ్వాలు నలుపుకుంటూ నిలబడ్డాడు. "ఉగాది వస్తాండాదమ్మా. కొత్త పుస్తకం తెప్పించినాము. ఎవురు రాస్తారో ఏమో" అన్నాడు. మొదటి పేజీకి నన్ను అడుగుతున్నాడా, రెండో పేజీకి అడుగుతున్నాడా నాకు అర్థం కాలేదు. "నాతో కాదప్పా" అన్నాను. ఆయన తల ఊపి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఆదోనికి తెద్దామని పాప సామాను సర్దుతున్నాను. రెండు గౌన్లు, మా అన్న తువ్వాలు, పలక. పాప గడప మీద కూర్చుని పలక మీద కూడికలు చేసుకుంటోంది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బి ఉంది. ఒక లెక్క తప్పు పోయింది. తడిగుడ్డ తీసుకుని తుడవబోయి, కింది నుంచి మెల్లగా పైకి వచ్చి, ఒకచోట ఆగిపోయింది. పలక నెత్తిన శ్రీ ఉంది. ర వత్తు పెద్దగా తిరిగి శను ఒడిలో పెట్టుకుని ఉంది. బలపంతో రాసినది, అంచులు అప్పటికే చెదిరిపోతున్నాయి. మొత్తం తుడిచి ఇవ్వమ్మా, సర్దుతాను అన్నాను.

"పైన తుడసగూడదత్తా" అంది పాప. "అది అమ్మ రాసింది."

ఎడమ అరచేతిని దాని మీద కప్పి పెట్టుకుని, కుడి చేత్తో మిగిలినదంతా తుడిచింది.